రెండవసారి శస్త్రచికిత్స

దివ్య ఖుర్ఆన్‌లో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేసిన పలుచోట్ల చూపుకన్నా ముందు వినికిడి ప్రస్తావన వస్తుంది. మా అమ్మీకి అజాన్ వినిపించని రోజులు వచ్చాక ఆ అనుగ్రహం విలువ మాకు మరింత తెలిసివచ్చింది.

మధ్యచెవిలోని మూడు ఎముకలలో చివరిదైన స్టేపిస్ శరీరంలోకెల్లా చిన్నది. సుమారు 3 మిల్లీమీటర్లు. ఓటోస్క్లెరోసిస్ వల్ల అమ్మీకి అది బిగుసుకుపోయింది. శస్త్రచికిత్సలో దాని స్థానంలో సన్నని కృత్రిమ కడ్డీ అమర్చారు. కొన్నేళ్లు చక్కగా విన్నారు. తర్వాత వినికిడి మళ్లీ మందగించింది. కడ్డీ పక్కకు జరిగినా, దానికి ఆధారమైన ఎముక అరిగినా ఇలా అవుతుందని వైద్యులు వివరించారు.

మొదటి శస్త్రచికిత్స పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి మేలు చేస్తుంది. రెండవసారి అంతటి ఫలితం ఆశించలేము. పాత గాయం మానినచోట కణజాలం అతుక్కుపోయి పని కష్టమవుతుంది. అరుదుగా లోపలిచెవి దెబ్బతిని, మిగిలిన వినికిడి సైతం పోవచ్చు. శస్త్రచికిత్స వద్దనుకుంటే వినికిడి యంత్రం ఉంది.

ఇంట్లో అందరం సంప్రదించుకున్నాము, నిర్ణయం అమ్మీకే వదిలాము. ఆమె ఇస్తిఖారా చేసి శస్త్రచికిత్సకు సిద్ధమయ్యారు. వినికిడి కొంతే మెరుగైంది. మిగిలిన లోటును యంత్రం తీరుస్తోంది. అల్‌హమ్దులిల్లాహ్!

చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించారు. స్వస్థత అల్లాహ్ చేతిలో ఉంది. ఆమెకు ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడటం మాత్రం మా వంతు. "ఏమన్నావు బేటా?" అని అమ్మీ నాలుగోసారి అడిగినప్పుడు, తల్లిదండ్రులపట్ల విసుగు చూపవద్దన్న ఖుర్ఆన్ ఆజ్ఞను తలచుకుని మళ్లీ చెబుతున్నాము.