‘డ్యూన్ మెసయా’ - పాఠకుల కినుక

ఒక నవల బాగా లేదని పాఠకులు అన్నప్పుడు, లోపం నవలలో ఉన్నదా, పాఠకులు దాని నుండి కోరుకున్న దానిలో ఉన్నదా అని విచారించటం విమర్శకుని పని. ఇరవై యేళ్ల క్రితం ఒక నవల విషయంలో నేను ఈ విచారణ చేయలేదు. చేసి ఉంటే ఒక మిత్రునికి న్యాయం జరిగి ఉండేదేమో. అందుకే ఆ నవలను గూర్చీ, దానిపై మేము వెలిబుచ్చిన అభిప్రాయాలను గూర్చీ ఇప్పుడు వ్రాస్తున్నాను.

అమెరికన్ రచయిత ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో ‘డ్యూన్’ ప్రచురించాడు. శాస్త్రమూ అద్భుతమూ కలగలిసిన కథ అది. అరాకిస్ అనే ఎడారి గ్రహం, అక్కడ తప్ప మరెక్కడా దొరకని ఒక దినుసు కోసం ప్రభువంశాల పెనుగులాట, నీటిబొట్టును కూడబెట్టుకుని బ్రతికే ఫ్రెమెన్ అనే ఎడారి ప్రజలు, వారిని కూడగట్టుకుని చక్రవర్తిని పడదోసి ఆ పీఠం తానే ఎక్కిన పాల్ అనే ప్రభుకుమారుడు - ఇదీ కథ. దానికి తరువాయిగా 1969లో ‘డ్యూన్ మెసయా’ వచ్చింది. అప్పటికి కథలో పన్నెండేళ్లు గడిచాయి. పాల్ పేరు చెప్పి ఫ్రెమెన్ సేనలు లోకాల మీద పడ్డాయి. 6,100 కోట్ల మంది చనిపోయారు, 90 గ్రహాలు నిర్జీవమయ్యాయి. ఈ లెక్క చెప్పేది శత్రువు కాదు. పాలే హిట్లర్ పేరెత్తి, అతని లెక్క పక్కన తన లెక్క పెట్టి చూపుతాడు.

ఈ నవల మీద కినుక మొదటినుండీ ఉన్నదే. మొదటి నవలను ధారావాహికంగా వేసిన ‘అనలాగ్’ సంపాదకుడు జాన్ డబ్ల్యూ. కాంప్‌బెల్ దీన్ని వేయనన్నాడు. పాఠకులకు వీరుడు కావాలి, కూలిపోయే వీరుడు అక్కరలేదన్నది ఆయన అభ్యంతరం. చివరకు ‘గెలాక్సీ’ పత్రిక వేసింది.

మా కాలేజీ హాస్టలుకు ఈ రెండు పుస్తకాలూ అట్టలు ఊడిన స్థితిలో వచ్చాయి. మొదటిదాన్ని వంతులు వేసుకుని చదివాము. రెండవదాని దగ్గర మూడు పక్షాలుగా చీలిపోయాము. యుద్ధమంతా తెర వెనుక జరిగిపోయింది, పుస్తకం నిండా గదుల్లో గుసగుసలే, వీరుడు కుమిలిపోతూ కూర్చున్నాడు, ఇదేమి కథ అన్నది మొదటి పక్షం. రెండవ పక్షంలో ఉన్నది ఒక్కడే. అతడు మొదటి నవల తెరిచి, కైన్స్ అనే శాస్త్రజ్ఞుడు ఎడారిలో చనిపోయే ఘట్టం మాకు చదివి వినిపించాడు. ఒక జాతికి వీరుని చేతిలో పడటాన్ని మించిన ఉపద్రవం లేదని తండ్రి చెప్పిన మాట కైన్స్‌కు అక్కడ గుర్తుకొస్తుంది. “రెండో పుస్తకంలో కొత్తగా వచ్చిందేమీ లేదురా, మొదటిదాన్ని మనమే సరిగ్గా చదవలేదు” అన్నాడు. మేము నవ్వాము.

మూడవ పక్షం నాది. ఈ రచయిత ప్రజల ఆశను చంపాడనీ, విప్లవం ఎప్పుడూ నియంతృత్వంలోనే ముగుస్తుందని చాటే ప్రతీప రచన ఇదనీ వాదించాను. చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

ఆ నెలలోనే మా విద్యార్థి సంఘం సభ జరిగింది. అన్నా అని మేమంతా పిలుచుకునే నాయకుణ్ణి, సమ్మె చందాల లెక్క చెప్పమని ఈ మిత్రుడే లేచి అడిగాడు. అన్న ఏమీ అనలేదు, అనవలసిన అవసరమూ కలుగలేదు. కూర్చోమని మేమే అరిచాము. ద్రోహి అన్న మాట ఎవరి నోట ముందు వచ్చిందో చెప్పలేను గాని, అరిచిన వాళ్లలో నేనూ ఉన్నాను. అతడు సంఘం విడిచి వెళ్లిపోయాడు. లెక్క ఆ రోజూ రాలేదు, తర్వాతా రాలేదు.

2024లో ‘డ్యూన్’ రెండవ చిత్రం చూసి వచ్చిన నా విద్యార్థులు తరువాయి పుస్తకం సంపాదించారు. వారి మధ్య మళ్లీ ఆ మూడు పక్షాలే తలెత్తాయి. నేను నా పాత వాదం వినిపించబోతుండగా ఒక అమ్మాయి అడిగింది: “అంతమందిని చంపింది పాల్ ఒక్కడేనా మాస్టారూ? తక్కిన వాళ్లంతా ఏం చేస్తున్నారు?”

ఆ ప్రశ్నతో పుస్తకం మళ్లీ చదివాను. మొదటిసారి నా కంటికి ఆనని పాత్ర ఒకటి ఈసారి కనిపించింది. ఫారోక్ అనే పాత సైనికుడు. సముద్రమనేది ఒకటి ఉన్నదని విని, దాన్ని చూడాలని యుద్ధంలో చేరినవాడు. సముద్రం చూశాడు, అందులో దిగాడు, దాని చేదు నీరు మింగి జబ్బుపడ్డాడు. బయటకు వచ్చేసరికి యుద్ధపు మత్తు వదిలిపోయింది. అతని కొడుకు మాత్రం యుద్ధంలో కళ్లు పోగొట్టుకుని తిరిగి వచ్చాడు. ఆ కసితో ఫారోక్ కుట్రదారులతో చేరతాడు. వారు అతన్ని వాడుకుని, విషపుసూదితో చంపేస్తారు.

ఆ నవలలో సామాన్యుని అనుభవం ఇంత నిండుగా పలికిన చోటు మరొకటి నాకు కనబడలేదు. నా పాత విమర్శలో కొంత నిజం ఉన్నదని ఇప్పటికీ అంటాను. పాల్‌కు ఎదురు నిలిచేదెవరు? నౌకాయాన గుత్తదార్లు, రాణివాసం, గూఢ సోదరీ సంఘం - అందరూ పైవర్గాల వారే. తరాల తరబడి నీరు దాచి తమ గ్రహాన్ని పచ్చగా చేసుకోవాలన్న ఉమ్మడి ప్రయత్నం, పాల్ రాకముందే ఫ్రెమెన్ ప్రజలకు ఉన్నది. ఆ ప్రజలు రెండవ నవలలో గుంపుగానో, పూజారులుగానో మిగులుతారు. కళ్లు పోయిన పాల్, గ్రుడ్డివారిని ఎడారికి వదిలే ఫ్రెమెన్ ఆచారం ప్రకారం ఒంటరిగా ఇసుకలోకి నడిచిపోతే, అది కూడా అతని మహిమగానే మారుతుంది. వీరపూజ తప్పని చెప్పిన రచయిత, దానికి మారుగా ప్రజలు ఏమి చేయగలరో చూపలేదు.

కాని ప్రజల ఆశను చంపాడని నేనన్న మాట తప్పు. వీరులు మానవజాతికి చేటని హెర్బర్ట్ 1980లో ఒక వ్యాసంలో తేటగా వ్రాశాడు. తరువాయి నవలల్లో కొన్ని భాగాలు మొదటిది పూర్తి కాకముందే వ్రాసుకున్నానని కూడా అందులోనే చెప్పాడు. అంటే నా మిత్రుడు చదివిందే సరి. రచయిత చంపింది ప్రజల ఆశను కాదు, ఒక మనిషి మీద నేను పెట్టుకున్న ఆశను. ఆ రెండూ ఒకటేనని నమ్మినందువల్లనే హాస్టలు గదిలో పుస్తకాన్ని తిట్టాను, సభలో మిత్రుణ్ణి అరిచి కూర్చోబెట్టాను.

ఆ అమ్మాయి ప్రశ్నకు నా జవాబు ఇది: పాల్ ఒక్కడే కాదు. లెక్క అడిగినవాణ్ణి కూర్చోమన్న ప్రతివాడూ అందులో ఉన్నాడు. ఈ మాట తరగతిలో చెప్పాను, నా సంగతి కూడా దాచలేదు. మిత్రునికి ఉత్తరం వ్రాశాను. జవాబు ఇంకా రాలేదు.