కప్పులో మా తాత వాటా

సావనీరుకి ఏదన్నా రాసిమ్మని మన యూనియన్ సెక్రటరీ గారు నన్నడగడానికి కారణం నా పాండిత్యం కాదు. రెండేళ్లు కాలేజీ ఫుట్‌బాల్ టీములో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడినవాణ్ణి గనక ఆటల మీద ఒక పేజీ నింపుతానని ఆయన ఆశ. మూడో ఏడు నేను టీములో ఎందుకు లేనో మాత్రం ఆయన అడగలేదు. అడగని సంగతి చెప్పడం నాకలవాటు కాబట్టి అదే రాస్తున్నాను.

కారణం చాలా మామూలుది. మా ఇంటికి ఒక ఉద్యోగం కావాలి. “బంతి అన్నం పెడుతుందా?” అని మా నాన్న అడిగితే నా దగ్గర జవాబు లేదు. బూట్లు కడిగి, కాగితం చుట్టి అటక మీద పెట్టేసి, కానిస్టేబుల్ పరీక్షకి కోచింగులో చేరాను. నెల తిరక్కుండానే అక్కడొక పరీక్ష పెట్టారు. అందులో ఒక ప్రశ్న: 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ ఎవరు? ఇచ్చిన నాలుగు పేర్లలో తెల్లవాడి పేరులా కనిపించినదానికి టిక్కు పెట్టి వచ్చాను. తప్పు. జవాబు సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరు హైదరాబాద్.

రాత్రి అన్నాల దగ్గర ఈ మాట చెప్తే మా తాత ముద్ద కంచంలో వదిలేశాడు. ఆయన 1957లో సిటీ పోలీసులో కానిస్టేబులుగా చేరి, హెడ్డుగా దిగినవాడు.

“రహీం సాబ్ తెల్వదా? రెండేండ్లు బంతాట ఆడి రహీం సాబ్ తెల్వదా?”

“తెలీదు తాతా. ఇప్పుడు ఆట కూడా మానేశా. కానిస్టేబుల్ పరీక్షకి చదవాలి కదా.”

అప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. “మా కాలంల బంతి మంచిగ ఆడెటోన్ని తోల్కొచ్చి కానిస్టేబులు చేస్తుండిరి. ఇప్పుడు కానిస్టేబులు గావాల్నంటే బంతి ఇడ్సిపెట్టాల్నా?”

ఆ రాత్రి ఆయన చెప్పినదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

హైదరాబాద్ సిటీ పోలీస్ టీము సగం ప్రొఫెషనల్, సగం సర్కారీ. ఆడినందుకు జీతం లేదు. జీతం కానిస్టేబులు ఉద్యోగానికి. ఆ ఉద్యోగం వచ్చింది మాత్రం ఆట వల్ల. ఇప్పుడు వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఇలా యూనిఫారం వేసుకునే కుర్రాళ్లే 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు తెచ్చారు. 1950లోనే డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించారు. 1954లో, 1957లో మళ్లీ డ్యూరాండ్ గెలిచారు. రాష్ట్రం మారాక ఆంధ్రా పోలీస్ అన్న పేరుతో 1961లో మరోసారి గెలిచారు. కలకత్తా క్లబ్బులంటే అప్పటికి దేశంలో ఫుట్‌బాల్‌కి పుట్టిళ్లు. వాటికి లక్షల్లో అభిమానులు. మనవాళ్లకి ఉన్నదల్లా పోలీస్ లైన్లు.

ఆ లైన్లతో పాటు ఒక పంతులు కూడా ఉన్నాడు. రహీం గారు పోలీసు కాదు, బడి పంతులు. ఉస్మానియాలో చదివి, ఉస్మానియా టీములో ఆడినవాడు. అంటే మనకి సీనియరన్నమాట! ఇవాళ మనం మెట్ల మీద కూర్చుని ఫొటోలు దిగే ఆర్ట్స్ కాలేజీ భవనం అప్పటికి లేదు. అది 1939లో తెరిచారు. ఆయన తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బళ్లలో ఆటలు నేర్పాడు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీగా పనిచేశాడు. 1950 నుంచి సిటీ పోలీస్ టీముకీ, తర్వాత భారత జట్టుకీ శిక్షణ ఇచ్చాడు.

ఆయన పద్ధతులు కూడా పంతులు పద్ధతులే. ఏ పిల్లవాడికి ఏ లెక్క రాదో ఆ లెక్కే చేయించే రకం. బంతిని కాలికి అంటిపెట్టుకుని ఒంటరిగా పరుగెత్తకూడదనే నియమంతో పోటీలు పెట్టేవాడు. వాటంలేని కాలితోనే తన్నాలనే నియమంతో ఇంకో పోటీ. పిల్లలకైతే ఎత్తు కొలిచి మరీ పోటీలు. బంతి వచ్చిందా, వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్. ఆ టీము ఆటంతా ఇంతే. చదువుతుంటే నాకు సిగ్గేసింది. రెండేళ్లు ఎడమకాలితోనే నెట్టుకొచ్చాను. నా కుడికాలు నిలబడ్డానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఈ టీములో ఆడిన నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కి వెళ్లారు. అక్కడ యుగోస్లావియా చేతిలో మనకి 10–1 తేడాతో చావుదెబ్బ తగిలింది. మనవాళ్లు చాలామంది వట్టికాళ్లతో ఆడారు. నాలుగేళ్లకి మెల్‌బోర్న్‌లో అదే రహీం గారి జట్టు ఆస్ట్రేలియాని 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2–1తో గెలిచి బంగారు పతకం తెచ్చింది. అప్పటికే ఆయన క్యాన్సర్ మనిషి. 1963 జూన్‌లో పోయారు.

ఆ తర్వాత కథ త్వరగా అయిపోతుంది. 1960ల తర్వాత డ్యూరాండ్, రోవర్స్ కప్పులు మన పోలీసుల దగ్గరికి మళ్లీ రాలేదు. మంచి ఆటగాళ్లని కలకత్తా పిలిచింది. సికిందరాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ముందే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు. తర్వాత నయీముద్దీన్ వెళ్లాడు. వెళ్లినవాళ్లని తప్పు పట్టను. కానిస్టేబులు జీతంతో ఎంతమంది కడుపులు నిండుతాయి? కాకపోతే నాకొకటి తోచింది. ఈ క్లబ్బుకి చందా కట్టే సభ్యులు లేరు, జెండా పట్టుకుని తిరిగే వాడ లేదు. ఉన్నది హాజరు పట్టీ ఒక్కటే. హాజరు పట్టీలో పేర్లు మారితే టీము కూడా మారిపోతుంది. జ్ఞాపకం పెట్టుకోవాల్సిన బాధ్యత ఎవరి మీదా పడదు. అందుకే నా బోటివాడు ఆ ప్రశ్న తప్పాడు.

“నువ్వు కూడా ఆ టీములో ఆడావా తాతా?” అని అడిగాను. ఆడాననే అంటాడనుకున్నాను.

“నేనేడ ఆడిన బిడ్డా! నాకు బంతి తన్న రాదు. యూసుఫ్ ఖాన్ అసొంటోళ్లు ఆడిన్రు. వాళ్లు ఢిల్లీకో బొంబైకో పోతే వాళ్ల జాగల బందోబస్తు ఎవడు నిలవడాలె? మేమే. చలిల రాత్రంత నిలవడ్డ. వాళ్లు కప్పు పట్టుకొని స్టేషన్ల దిగినంక అందరితోని నేను గూడ చప్పట్లు గొట్టిన. ఆ కప్పుల నాది గూడ ఇంత ఉన్నది.” చిటికెన వేలి కొస చూపించాడు.

ఏ పుస్తకంలోనూ నాకీ మాట దొరకలేదు. పదకొండుమంది ఆడాలంటే మరి కొంతమంది రాత్రుళ్లు మేలుకోవాలి.

2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో ఐఎస్ఎల్ గెలిచినప్పుడు మా తాత టీవీ ముందే ఉన్నాడు. పెనాల్టీలు అయ్యాక ఆయన అడిగిన ఒకే ప్రశ్న: “గీళ్లకు డ్యూటీ ఉండదా?” ఆటే వాళ్ల డ్యూటీ అన్నాను. చాలాసేపు ఆలోచించి “మంచిదే” అన్నాడు. ఆ రోజు నవ్వేసి ఊరుకున్నాను. ఇప్పుడు నవ్వు రాదు.

కోచింగు మానలేదు. పరీక్ష పరీక్షే. అయితే అటక మీంచి బూట్లు దింపాను. ఆదివారం పొద్దున మా వీధి పిల్లల్ని పోగేసి, వాటంలేని కాలితో ఆట పెడుతున్నాను. మొదటి ఆదివారం నా కుడికాలి గోల్ కిక్కు పక్కింటి నీళ్ల ట్యాంకు మీద పడింది. పిల్లలు పడీపడీ నవ్వారు. కుర్చీ వేయించుకుని చూస్తున్న మా తాత మాత్రం నవ్వలేదు. “మల్లొకపారి తన్ను” అన్నాడు.

సెక్రటరీ గారికి ఒక విన్నపం. వచ్చే ఏడు స్పోర్ట్స్ డేకి లెక్చరర్లకీ విద్యార్థులకీ ఇలాంటి మ్యాచ్ ఒకటి పెట్టించండి. ఖర్చు లేదు, నవ్వుకి లోటుండదు. రహీం గారి పేరు నలుగురి నోట్లో పడుతుంది.

ఇక నా పరీక్ష సంగతి. ఉద్యోగం వస్తుందో రాదో చెప్పలేను. వస్తే మాత్రం మా స్టేషన్లో బంతి ఆడే కుర్రాడెవడైనా ఉంటే, మ్యాచ్ ముందు రోజు వాడి నైట్ డ్యూటీ నాకెయ్యమని అడుగుతాను. మా తాతకి మాటిచ్చాను.