వయ్యారిభామతో పాటు తంగేడునూ పీకించాను

ఈ మధ్య ఒక బంధువు వెంట గోల్కొండ నయాకిలాలోని గోల్ఫ్ మైదానానికి వెళ్లాను. ఆట నాకు రాదు. బంతిని గుంటలోకి పంపే ‘గ్రీన్’ మీద గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించి పెరగనీయరు. అంత పొట్టి గడ్డికి తెగుళ్లు త్వరగా సోకుతాయి కనుక మందులూ ఎక్కువే కావాలి. ఆటదారికి ఇరువైపులా అంతగా కోయకుండా వదిలే ‘రఫ్’ సంగతి వేరు. బంతి అందులో పడితే ఆటగాడికి చిరాకు, తేనెటీగకు మాత్రం అదే ఆశ్రయం. ఆ గడ్డిపూలను చూస్తుంటే రుద్రారంలో నేను చేసిన పొరపాటు గుర్తుకు వచ్చింది.

అప్పట్లో వానలు వెనుకబడగానే నా క్లినిక్‌కు దురద, ఆయాసంతో జనం వచ్చేవారు. పటాన్‌చెరు ప్రాంతంలో ఆయాసమనగానే ఎవరైనా కంపెనీల పొగనే అనుమానిస్తారు. అందుకు కారణాలు లేకపోలేదు. కానీ ఆ దద్దుర్లు కనురెప్పల మీద, మెడ మీద, మోచేతి మడతల్లో ఉండేవి. అది వయ్యారిభామ పని. 1950ల నడుమ పుణె ప్రాంతంలో గుర్తించిన ఈ అమెరికా ఖండపు కలుపులో పార్థెనిన్ అనే పదార్థం చర్మానికి పడదు. పుప్పొడి ఉబ్బసాన్ని రేపుతుంది.

“పిచ్చిమొక్కలన్నీ తీసివేయండి” అని ఊరివారికి చెప్పాను. వైద్యుడి మాట కదా, చెరువుగట్టు దాకా ట్రాక్టరుతో చదును చేసి కలుపుమందు కొట్టారు. మరుసటి వానలకు ఆ బోడినేల మీద అన్నిటికంటే ముందు మొలిచింది వయ్యారిభామే. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. తంగేడు, గునుగు మాత్రం కనిపించలేదు.

“సారూ, గట్టు మీద ఒక్క పువ్వు లేదు. బతుకమ్మకు పూలు పటాన్‌చెరుల కొనుక్కొచ్చినం” అన్నది ఒక ముసలమ్మ, మందుచీటీ అందుకుంటూ. నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఇప్పుడు అడిగినవారికి ఇలా చెబుతున్నాను. వయ్యారిభామను పూత రాకముందే, వాన పడి నేల మెత్తబడినప్పుడు వేరుతో సహా పీకాలి. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఉబ్బసం ఉన్నవారు, ఈ మొక్క పడనివారు ఆ పనికి పోకూడదు. మిగతా మొక్కలను తాకవద్దు. (తంగేడు పూల కషాయంతో చక్కెర జబ్బు తగ్గుతుందా అని చాలామంది అడుగుతారు. దాన్ని నమ్మి మాత్రలు మానకండి.)

గట్టు మూలన ఒక తంగేడు మళ్లీ లేచింది. పోయిన ఆదివారం దాని చుట్టూ ఉన్న వయ్యారిభామను మాత్రమే పీకి వచ్చాను.