గుండు బరువు, చేతి కొలత

తెలుగు పాఠాలు చెప్పేవారికి ఇనుపగుండుతో పనియేమిటని కమిటీ పెద్దలు చిరునవ్వు నవ్వవచ్చు. పని ఉన్నది. ఈ క్రీడకు మన వాడుకలో ఉన్న పేరే అసలు విషయాన్ని కప్పివేస్తున్నది. మనం ‘గుండు విసరడం’ అంటాం. ఉర్దూ విభాగంలోని మిత్రులు ‘గోలా ఫేంక్‌నా’ అంటారు. నిజానికి షాట్‌పుట్‌లో విసరడం లేదు, నెట్టడమే ఉన్నది. గుండు మెడనో గడ్డాన్నో ఆనుకొని ఉండి, అక్కడి నుండి ఒంటిచేత్తో ముందుకు వెళ్లాలి. భుజానికి వెనుకగా పోయినచో ఆ ప్రయత్నం చెల్లదు. విసిరే వస్తువును పిడికిట పట్టుకుంటే చాలు. నెట్టే వస్తువు వేళ్ల మొదళ్ల మీద కుదురుగా కూర్చోవాలి. ఎవరి చేతికి ఏ గుండు అన్న ప్రశ్న ఇక్కడి నుండే పుట్టుతున్నది.

ఈ ప్రశ్న మాకు నాగల్‌గిద్దలో ఎదురైనది. నారాయణఖేడ్ ప్రాంతంలో, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న మండలమది. తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ, లంబాడీ, అన్నీ ఒకే సంతలో వినిపిస్తాయి. జాతర వచ్చిందంటే కుస్తీలు తప్పవు. కొబ్బరికాయ పందెంతో మొదలై వెండికడియం పందెంతో ముగిసే ఆ పోటీలను చూడడానికి బీదరు వైపు నుండి సైతం జనం వస్తారు. అటువంటి చోట బలమంటే బరువే. “పెద్ద గుండుతో అలవాటు పడితే చిన్న గుండు పూలచెండవుతుంది” అని అక్కడి పెద్దలు మాకు నచ్చజెప్పజూశారు. భువనేశ్వర్‌లో 2023లో తేజిందర్‌పాల్ సింగ్ తూర్ 21.77 మీటర్లు నెట్టినది ఆ పెద్ద గుండునే గదా అని ఒక యువకుడు వాదించాడు. నిజమే. కాని తూర్ పదహారేళ్ల ఆడపిల్ల కాడు.

ఆ అమ్మాయి ఒక తండాకు చెందినది. ఏటా చెరకు కోతలకు తల్లిదండ్రుల వెంట వలస పోయి, కట్టలు మోసి గట్టిపడిన భుజాలు ఆమెవి. సాధనకు ఆమెకు దొరికినది ఒకే ఒక్క గుండు. అది వయోజన పురుషులది, 7.26 కిలోలు, తుప్పు పట్టినది. ఆమె వయసు బాలికలకు, అంటే 18 ఏళ్ల లోపు వారికి, నిర్ణయమైన బరువు 3 కిలోలు. రెండింతలకు మించిన ఆ భారం వేళ్ల మీద నిలవక అరచేతిలోకి జారేది. మణికట్టు వెనుకకు విరిగినట్లు వంగేది. మోచేయి కిందికి దిగేది. కొన్నాళ్లకు నడిమివేలి కణుపు వాచింది. ఆమె తల్లి మాతో అన్నమాట ఒక్కటే: “కత్తి పట్టే చెయ్యి పోతే మేమెట్ల బతకాలె సారూ?” ఆ ఇంటికి ఆ చేయి పతకం తెచ్చే చేయి కంటె ముందు అన్నం తెచ్చే చేయి.

కనుక మొదట చూడవలసినది వయసు. బాలురకు 18 లోపు 5 కిలోలు, 20 లోపు 6 కిలోలు, ఆపైన 7.26. స్త్రీలకు 18 దాటిన తరువాత 4 కిలోలు. రెండవది వ్యాసం, దీనిని చాలామంది పట్టించుకోరు. ఒకే బరువు గల గుండ్లన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. 4 కిలోల గుండు 95 మిల్లీమీటర్ల నుండి 110 వరకు ఎంతైనా ఉండవచ్చు. పురుషుల గుండు 110 నుండి 130 వరకు. లోపల సీసం నింపినది చిన్నదవుతుంది, ఉత్త పోత ఇనుము దానికంటె పెద్దదవుతుంది. పొట్టి వేళ్లకు చిన్న వ్యాసం, పొడుగు వేళ్లకు పెద్ద వ్యాసం కుదురుతుంది. కొలవడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. గుండు నడుమకు దారం చుట్టి స్కేలు మీద పరిస్తే, 4 కిలోలది 30 నుండి 34 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. బరువుకు కిరాణా కొట్టు కాంటా చాలు. తుప్పు రాలిన పాత గుండు నియమిత బరువుకు తగ్గితే పోటీలో దానిని అనుమతించరు. నున్నని గచ్చు మీద దొర్లించి కూడా చూడాలి. ప్రతిసారీ ఒకే వైపు కిందికి తిరిగి నిలిచేదాని పోత లోపల సమంగా లేదన్నమాట.

చివరి పరీక్ష చేతిదే. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు, ఈ మూడింటి మొదళ్ల మీద గుండును నిలిపి, బొటనవేలు, చిటికెనవేలు పక్కలకు ఊతమిచ్చి, చేయి తలపైకి ఎత్తించాలి. మణికట్టు కూలకుండా నిలిస్తే ఆ గుండు ఆ చేతిది.

బీదరు బజారులో 3 కిలోల గుండ్లు రెండు రకాలు చూశాం. నున్నగా తళతళలాడే పెద్దదానిని కాదని, ఆ అమ్మాయి రంగు వేసిన చిన్నదానిని తీసుకున్నది. వాపు తగ్గేవరకు గుండు ముట్టనీయలేదు. ఆ తరువాత జరిగిన పోటీలో ఆమెకు నాలుగవ స్థానం వచ్చింది, పతకం రాలేదు. ఆ శీతకాలం చెరకు కోతకు వెళ్లింది, వేలు నొప్పి లేకుండా. ఇప్పుడు 4 కిలోల గుండుకు మారింది. మన తెలంగాణకు చెందిన అగసర నందిని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం గెలిచినప్పుడు, ఆ ఏడు అంశాలలో ఒకదానికి ఆమె చేతిలో ఉన్నదీ 4 కిలోల గుండే. పరుగెత్తే, దూకే దేహం ఆమెది, మల్లుని దేహం కాదు.

ఈ ఏడు క్రీడాసామగ్రికి కమిటీవారు సొమ్ము మంజూరు చేయదలచినట్లు విన్నాం. జాబితాలో 7.26 కిలోల ఇత్తడి గుండు ఒక్కటే కనబడుతున్నది. దాని స్థానే 3, 4, 5, 6 కిలోల పోత ఇనుప గుండ్లను, వీలైతే 4 కిలోలలో రెండు వ్యాసాల వాటిని తెప్పించవలసిందిగా మా మనవి. మన విద్యార్థినుల చేతులు కొలిచిన దారాలు, పేర్లు కట్టి, మా బల్ల సొరుగులో ఉన్నాయి.