చవక గది ఖరీదు

పిల్లలూ! సెలవులలో ఏదైనా ఊరు చూడబోయేటప్పుడు, "ఎక్కడ దిగుదాం?" అన్న ప్రశ్న మీ ఇంట్లో వచ్చే ఉంటుంది. అద్దె తక్కువైతే చాలునని ఒకప్పుడు నేనూ అనుకునేవాణ్ణి. ఆ పొరపాటు నాకెలా తెలిసివచ్చిందో చెబుతాను, వినండి.

అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఆనహైమ్ అనే ఊరున్నది. వాల్ట్ డిస్నీ 1955 జూలై 17న ప్రారంభించిన డిస్నీలాండ్ అనే వినోదవనం అక్కడే ఉన్నది. మా అబ్బాయికి ఆ రాష్ట్రంలోనే ఉద్యోగం. నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, మనమరాలు చిట్టికి ఆ వనం చూపించాలని అందరం బయలుదేరాము. మా వాడు వనానికి ఎదురుగానే ఒక హోటలు చూశాడు. "అదే ఊళ్ళో, ఆరు మైళ్ళ అవతల, నలభై డాలర్లు తక్కువకు గది ఉండగా ఇదెందుకురా?" అని నేనే పట్టుబట్టాను. అక్కణ్ణించి వనానికి పదినిమిషాల ప్రయాణమేనని ప్రకటనలో రాసి ఉన్నది.

పది నిమిషాలు ఖాళీరోడ్డు మీద మాట! పొద్దున కార్ల రద్దీలో ముప్పావుగంట పట్టింది. వనం దగ్గర కారు నిలిపినందుకు వేరే డబ్బు ఇచ్చుకున్నాము. మధ్యాహ్నానికి చిట్టి వాడిపోయింది. గది దగ్గరుంటే ఒక కునుకు తీయించి తీసుకువచ్చేవాళ్ళమే. అంతదూరం పోయిరావటానికి ఎవరికీ ఓపిక లేకపోయింది. రాత్రి కోట మీద బాణసంచా కాల్చే వేళకు చిట్టి నా భుజం మీద గాఢనిద్రలో ఉన్నది. అది ఏడాదిగా ఎదురుచూసింది ఆ బాణసంచా కోసమే! మర్నాడు లేచి, "అయిపోయిందా, తాతయ్యా?" అని అడిగితే, నాకు నోటమాట రాలేదు.

రెండేళ్ళ తరవాత మళ్ళీ వెళ్ళాలనుకున్నాము. ఈసారి చిట్టి చేతికే కాగితం, పెన్సిలు ఇచ్చాను. లెక్క సులువుగా ఉండేందుకు ఈ అంకెలు అనుకున్నాము. దూరపు గది అద్దె 100 డాలర్లు. ఆనహైమ్ నగరం గది అద్దెపై 15 శాతం పన్ను వేస్తుంది, అది 15. వనంవద్ద కారు నిలపటానికి 35, నలుగురి ఫలహారానికి 30. మొత్తం 180. దగ్గరి గది అద్దె 140, పన్ను 21, హోటల్లో కారు ఉంచటానికి 20. ఫలహారం హోటలువాళ్ళదే. మొత్తం 181.

"ఒక్క డాలరేనా తేడా!" అన్నది చిట్టి.

మరి అంత పెద్ద వనానికి ఎదురుగా చిన్న హోటళ్ళు ఎలా వచ్చినవి? డిస్నీ 160 ఎకరాల తోటలు కొని వనం కట్టేసరికే డబ్బంతా అయిపోయింది. చుట్టుపక్కల భూమి ఆయన కొనలేకపోయాడు. అది ఇతరులు కొని మోటెళ్ళు కట్టారు. మోటారూ హోటలూ కలిస్తే మోటెలు! 1955లో డిస్నీలాండ్ హోటలును కట్టినది కూడా జాక్ రాథర్ అనే మరొక వ్యాపారి. ఈ అనుభవంతో డిస్నీ 1960లలో ఫ్లోరిడాలో సుమారు 27,000 ఎకరాలు కొనిపించాడు. అందుచేత అక్కడ బయటివారి చవక హోటళ్ళు చాలామటుకు నడిచిపోయే దూరంలో ఉండవు. ఒకచోట కుదిరిన లెక్క మరొకచోట కుదరదన్నమాట.

ఇంకొక సంగతి. పటంలో వనం గోడను చూసి దగ్గరనుకోకండి, ద్వారం ఎక్కడున్నదో చూడండి. డిస్నీలాండుకు ఉత్తరాన బాల్ రోడ్డున్నది. అక్కడి హోటలు గోడకు దగ్గరే అయినా, ద్వారానికి చుట్టు తిరిగి రావాలి. హార్బర్ బులెవార్డ్‌లో ద్వారానికి ఎదురుగా ఉన్న హోటలు నుంచి రోడ్డు దాటితే చాలు. మేము అక్కడే దిగాము.

ఆ మధ్యాహ్నం చిట్టి గదిలో రెండు గంటలు హాయిగా నిద్రపోయింది. రాత్రి మొదటి చువ్వ ఆకాశంలో పగలగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "తాతయ్యా, నేను మేలుకునే ఉన్నాను!" అన్నది.

ఈసారి మీ ఇంట్లో ప్రయాణం తలపెట్టినప్పుడు, లెక్క వేసే పని మీరే అడిగి తీసుకోండి.