మీగడ తీసిన పాట

మా ఎర్రవల్లి ఇంట్లో టీవీ కింద అరచేయంత డబ్బా ఒకటి ఉంటుంది. మా నాయిన దాన్ని 'పాటల పెట్టె' అంటడు. అసలు పేరు రాస్ప్‌బెర్రీ పై. దానికి నాలుగు టెరాబైట్ల హార్డ్ డిస్క్ తగిలించాను. ఫోన్లో పాట ఎంచుకుంటే హాల్లో స్పీకర్లు పాడతాయి. ఇంటర్నెట్ లేకపోయినా ఫర్వాలేదు, ఇంట్లో రౌటర్ వెలుగుతుంటే చాలు.

మొదట్లో వైఫై మీద నడిపిస్తే పాట మధ్యలో ఆగేది. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ స్టీరియో పాటకు సెకనుకు ఐదు మెగాబిట్లు కూడా పట్టవు. అయినా రౌటర్ ఉన్న గదికీ హాల్‌కీ మధ్య రెండు గోడలున్నాయి. ఇరవై మీటర్ల లాన్ వైరు కొని గోడ అంచున లాగితే ఆ బాధ పోయింది. కరెంటు పోయినప్పుడల్లా డిస్క్ ఠక్కున ఆగిపోకుండా చిన్న యూపీఎస్ కూడా పెట్టాను.

సినిమా పాటల కోసమైతే ఇంత తిప్పలు అక్కర్లేదు. ఆపిల్ మ్యూజిక్ 2021 నుంచే 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ దాకా ఇస్తోంది. నెలనెలా డబ్బులు కడితే సరి. నేను ఈ పెట్టె కట్టింది మా నాయినమ్మ కోసం.

నాట్లేసేటప్పుడు ముందు పాట ఎత్తుకునేది ఆమే. మిగతా ఆడవాళ్లు వెనక అందుకునేవాళ్లు. దుబాయి పోయొచ్చిన చిన్నాయిన తెచ్చిన టేప్ రికార్డర్ ముందు ఆమెను కూర్చోబెట్టి మా నాయిన ఏడు క్యాసెట్లు నింపిండు. అప్పటికి నేనింకా పుట్టలేదు. ఆమె పోయినంక ఏటా పెత్రమాస నాడు అవి పెట్టుకుని వినేటోడు.

2016లో ఊర్లో డబుల్ బెడ్రూం ఇండ్లు కట్టినప్పుడు మా పాత ఇల్లు ఖాళీ చేశాం. నేనప్పుడు ఇంజినీరింగ్‌లో ఉన్నాను. తెలివి ఎక్కువున్న రోజులు. ఇంట్లో ఉన్న ఆరు క్యాసెట్లను లాప్‌టాప్‌లోకి ఎక్కించి 128 కేబీపీఎస్ ఎంపీ3లు చేశాను. గంట పాట 58 ఎంబీ. నాయిస్ రిడక్షన్ అని ఒకటి దొరికితే దాన్నీ గట్టిగా తిప్పాను. "ఇంక ఈ డబ్బాలెందుకు నాయినా, అన్నీ కంప్యూటర్ల ఉన్నయ్" అని ఆ అట్టపెట్టెను పాత సామాన్లు కొనే బండిలో వేసింది నేనే. నాయిన ఏమీ అనలేదు.

నిరుడు మంచి స్పీకర్లు తెచ్చి ఆ ఫైళ్లు పెట్టినప్పుడు తెలిసింది నేను చేసిన పని. ఫోన్లో బాగానే ఉన్న గొంతు ఇక్కడ నీళ్లలో మునిగి పాడినట్టుంది. స, శ అక్షరాలు కరిగిపోయాయి. మనకు వినబడవని తాను లెక్కేసుకున్న శబ్దాలను ఎంపీ3 తీసేస్తుంది. దాన్ని ఎంత పెద్ద ఫ్లాక్ ఫైల్‌గా మార్చినా, మీగడ తీసిన పాలను పెద్ద గిన్నెలో పోసినట్టే. నాయిన రెండు పాటలు విని, "గొంతు మారిందిరా" అని లేచి బయటికి పోయిండు.

దసరాకు మేనత్త ఇంటికి పోయినప్పుడు మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఆమె బీరువా తెరిచి ఒక క్యాసెట్ తీసింది. ఏడోది. పెళ్లయి అత్తగారింటికి పోయేటప్పుడు వెంట తెచ్చుకుందట.

ఈసారి తొందరపడలేదు. సెకండ్ హ్యాండ్ టేప్ డెక్ కొని, రబ్బరు బెల్టు మార్పించి, హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాను. హెడ్ వంపు సరిచేసే చిన్న స్క్రూ ఒకటుంటుంది. దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతుంటే ఒక్కసారిగా ముసుగు తీసినట్టు గొంతు తేటపడింది. ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ఆ స్క్రూ చేసిన మేలే ఎక్కువ, నా ఉద్యోగం సాఫ్ట్‌వేరే అయినా ఒప్పుకోవాలి.

24 బిట్, 96లో రికార్డు చేశాను. నిజం చెప్పాలంటే 96 దండగ. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినదు. దానికి సీడీలోని 44.1 సరిపోతుంది, క్యాసెట్‌లో అంత కూడా ఉండదు. 24 బిట్ మాత్రం దండగ కాదు. లెవెల్ తక్కువ పెట్టుకుని రికార్డు చేసినా వివరం పోదు, ఆమె ఉన్నట్టుండి గొంతెత్తినా శబ్దం పగలదు. గంట టేపు రెండు జీబీలు. ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్‌లో పెడితే ఇంకా తగ్గింది. వెనక వచ్చే సుయ్‌మనే చప్పుడును ముట్టుకోలేదు. ఒక కాపీ పెట్టెలో, ఒకటి హైదరాబాద్‌లో నా రూంలో, ఇంకోటి క్లౌడ్‌లో పెట్టాను.

ఆదివారం పొద్దున నాయిన హాల్లో కూర్చున్నాక పాట పెట్టాను. కొత్త స్పీకర్ల మోజులో వాల్యూమ్ బాగా పెంచాను. ఆయన ఒక నిమిషం విన్నడు.

"మా అమ్మ గింత గట్టిగ పాడకపోతుండెరా. తగ్గియ్యి."

తగ్గించాను. ఇంకొంచెం అన్నడు. వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తే వినబడనంత తగ్గినంక, కుర్చీని స్పీకర్ దగ్గరికి జరుపుకున్నడు.

మేనత్తకు అదే పాట ఫోన్లో వేశాను, పెన్ డ్రైవ్‌లోనూ ఇచ్చాను. సంబురపడ్డది. "మరి నా క్యాసెట్ ఏదిరా?" అన్నది. వాళ్లింట్లో టేప్ రికార్డర్ పాడై చాలా ఏండ్లయింది. క్యాసెట్ ఆమె చేతిలో పెట్టాను. చీరల మడతల్లో దాచి బీరువాకు తాళం వేసుకుంది.