పటిక బిందె, పూతరేకు, మా తమ్ముడు

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. ఏలూరులో రైలు దిగి, కొల్లేరు పక్కనున్న మా ఊరు చేరేలోపే నాన్న ఫోను. "వాడికి నువ్వే కాస్త చెప్పరా" అని. వాడంటే మా తమ్ముడు. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వద్దట, పల్చటి ఆక్సైడ్ పొరల మీద పీహెచ్‌డీ చేస్తాడట. నేనూ ఇంజనీరింగ్ చదివి కోడు రాసుకుంటున్నవాణ్ణే కాబట్టి నచ్చజెప్పడానికి నేనే తగినవాణ్ణన్నమాట :)

"ఏంట్రా ఆ పొరలు?" అన్నాను. వాడు వంటింట్లో బిందె చూపించాడు. మా నాన్నమ్మ ఇప్పటికీ చెరువు నీళ్ళలో పటిక తిప్పుతుంది. తెల్లారేసరికి బురద అడుక్కి దిగి, నీళ్ళు తేటపడతాయి.

"పటికలో ఉన్నది అల్యూమినియమే అన్నయ్యా. నీళ్ళలో హైడ్రాక్సైడ్‌గా మారి బురదని పట్టుకుంటుంది. అదే అల్యూమినియం నైట్రేట్ తీసుకుని, నీళ్ళలో ఆమ్లత్వం జాగ్రత్తగా తగ్గిస్తే, 13 అల్యూమినియం పరమాణువులు ఆక్సిజన్ వంతెనలతో ఒక గుత్తిగా కూడతాయి."

ఆ నీళ్ళని పలక మీద వేసి గిర్రున తిప్పి, వేడి చేస్తే నీరూ నైట్రేటూ పోయి ఆక్సైడ్ పొర మిగులుతుంది. మందం కొన్ని పదుల నానోమీటర్లు. నాకు పూతరేకు గుర్తొచ్చింది. కాలిన కుండ మీద పల్చటి బియ్యప్పిండి జావ పూస్తే నీరు ఆవిరై రేకు మిగలదూ... అలాగే. మామూలు పద్ధతుల్లో కలిపే సేంద్రియ పదార్థాలు కాలిపోయేటప్పుడు పొరలో చిల్లులు, పగుళ్ళు వచ్చే ప్రమాదం ఉంది. ఇక్కడ కాలి పోవాల్సింది తక్కువ, అల్లిక సగం ముందే అయిపోయింది. అమెరికాలో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో డగ్లస్ కెస్లర్ బృందం ఈ దారిలో చాలా పని చేసింది. అక్కడి పరిశోధనలోంచే 2007లో ఇన్‌ప్రియా అనే కంపెనీ పుట్టింది. చిప్పుల మీద గీతలు గీయడానికి తగరం ఆక్సైడ్ పొరలు చేసిన ఆ కంపెనీని 2021లో జపాన్‌కి చెందిన జేఎస్ఆర్ కొనేసింది.

"నీళ్ళతోనే కాబట్టి కాలుష్యం ఉండదంటావ్?" అని గుచ్చాను.

"ఎందుకుండదు? నైట్రేట్ వేడికి విషవాయువులుగా పోతుంది, దాన్నీ పట్టుకోవాలి. కానీ సాల్వెంట్లు తగ్గుతాయి కదా. ఊళ్ళ మురుగంతా ఎక్కడికొస్తుందో కొల్లేరోళ్ళకి ఒకరు చెప్పాలా?"

నా దగ్గర జవాబు లేదు. చదివిన నాలుగేళ్ళలో ఏ ఒక్క విషయం గురించీ నేనిలా మాట్లాడిన గుర్తు లేదు మరి. జీతం సంగతి నాన్న అడిగితే, ఓ ఐదేళ్ళు ఇంటి ఖర్చు నేను చూసుకుంటానని చెప్పేశాను. ఆయనింకా నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు.

నాన్నమ్మ మాత్రం ఒకటే అడిగింది: "పటికకి కూడా పెద్ద చదువులున్నాయట్రా?"